వెర్సాయ్ గదుల్లో వెలుతురు ఎందుకు తక్కువంటే

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వెర్సాయ్ రాజభవనం మీద వచ్చిన వ్యాసం చదివాం. (మొదటి ప్రపంచయుద్ధం ముగించిన సంధి పుణ్యమా అని వెర్సైల్స్‌గా మన పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన ఊరే. ఫ్రెంచివాళ్ల నోట అది వెర్సాయ్.) ఫొటోలు బాగున్నాయి. వ్యాసంలోని మూడు మాటల దగ్గరే ఆగిపోయాం. గదులు చీకటిగా ఉంచి టికెట్టు కొన్నవాళ్లకు అన్యాయం చేస్తున్నారని రాశారు. సామాను మీద మెరిసేదంతా బంగారమేనని రాశారు. రాజులు వాడినవన్నీ వాడినచోటే ఉన్నాయని రాశారు. మొదటిది సరికాదు, రెండోది సగమే నిజం, మూడోది చాలావరకు తప్పు. మేం పాత కొయ్యసామాను సంరక్షణ పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఉత్తరం కాస్త పొడుగైంది. స్థలం చాలకపోతే ఎక్కడైనా కత్తిరించండి, చెక్క గురించి రాసింది మాత్రం ఉంచండి.

18వ శతాబ్దంలో పారిస్ పనివాళ్లు ఖరీదైన సామానును ఒకే చెక్కతో చేసేవారు కాదు. లోపలి పెట్టె సాధారణంగా ఓక్. దాని మీద దూరదేశాల నుంచి ఓడల్లో వచ్చిన చెక్కలను చేతి రంపంతో మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర మందాన పొరలుగా కోసి, పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన వేడి బంకతో అతికించేవారు. ఇవాళ మిషన్ మీద చెక్కే వెనీర్ అందులో సగం మందం కూడా ఉండదు. బొమ్మ పని అయితే పువ్వు, ఆకు, కాడ దేనికది సన్న రంపంతో కోసి, కాగితం మీద పేర్చి, మొత్తంగా ఓక్ పెట్టె మీదికి దించేవారు. రేకకు గుండ్రని నీడ రావాలంటే ఆ ముక్క అంచును వేడి ఇసుకలో కాసేపు ముంచి మాడ్చేవారు. ఆకుల ఈనెలు ఉలితో గీసి, ఆ గాట్లలో నల్లటి లప్పం నింపేవారు.

రంగు సంగతి ఇక్కడే వస్తుంది. ఫ్రెంచిలో గులాబీ చెక్క అని పిలిచేదానికి కొత్తలో గులాబీ, ఎరుపు చారలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. అమరాంత్ చెక్క కోసిన కొద్ది రోజులకు వంకాయ రంగుకు తిరుగుతుంది. తెల్లని సికమోర్‌ను ఇనుప లవణాల నీళ్లలో నానబెడితే వెండి బూడిద రంగు వస్తుంది. ఇతర అద్దకాలతో ఆకుపచ్చ, నీలం, పసుపు తెచ్చేవారు. హాలీ చెక్క దాదాపు దంతంలా తెలుపు. ఇవన్నీ ఒకే పలక మీద పక్కపక్కన ఉండేవి. అప్పటి కొనుగోలుదారు ఇంటికి చేరిన బల్ల మనం చూసే తేనెరంగు బల్ల కాదు, పూలతోట లాంటి బల్ల. రెండున్నర శతాబ్దాల ఎండకు గులాబీ చెక్క ఎండుగడ్డి రంగుకు వచ్చింది, వంకాయ రంగు ముదురు గోధుమకు మారింది, వెండి సికమోర్ పాలిపోయిన ఆకుపచ్చకో గోధుమకో జారింది. ఆపైన 19వ శతాబ్దంలో వచ్చిన లక్క పాలిష్ అలవాటు ఒకటి. మరమ్మతుకు వచ్చిన ప్రతి వస్తువునూ అద్దంలా మెరిపించి వదిలేవారు. ఆ పొరలు కూడా కాలంతో పసుపెక్కాయి.

నమ్మకం కలగకపోతే సెవ్ర్ (పారిస్ దగ్గరి పేరున్న పింగాణీ కార్ఖానా) బిళ్లలు పొదిగిన సామాను చూడండి. పారిస్ పనివాడు మార్టిన్ కార్లిన్ 1772లో 15వ లూయీ ప్రియురాలు మదాం ద్యు బారీ కోసం చేసిన కమోడ్ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. (కమోడ్ అంటే ఇక్కడ సొరుగుల పెట్టె. మన భాషలో ఆ మాటకు పట్టిన గతికి పెట్టె బాధ్యత లేదు.) పింగాణీ రంగులు కొలిమిలో కాలి గాజులో కలిసిపోయినవి, వెలుతురు వాటిని ఏమీ చేయలేదు. అందుకే బిళ్లల మీది పూలు నిన్న వేసినట్టుంటాయి, చుట్టూ ఉన్న చెక్క మాత్రం సద్దుమణిగిపోయింది. చేసిన రోజున ఆ రెండూ ఒకే ఉత్సాహంతో ఉండేలా రంగులు ఎంచుకున్నారు. చెక్క అసలు రంగు చూడాలంటే సంరక్షకుడు కంచు తొడుగు ఒకటి మరలు విప్పి తీసినప్పుడు దాని కింద చూడాలి, లేదా ఎప్పుడూ మూసి ఉంచే తలుపు లోపలి ముఖం మీద.

చీకటి దీనికోసమే. వెలుతురు వల్ల పోయిన రంగు ఏ మందుకూ తిరిగి రాదు. పైగా నష్టం కూడుకుంటూ పోతుంది. ఎంత వెలుతురు, ఎన్ని గంటలు అన్నదాన్ని గుణిస్తే వచ్చేదే లెక్క. పట్టు, అద్దిన చెక్క, కాగితం లాంటివాటికి మ్యూజియంలు సాధారణంగా 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దగ్గర గీత గీస్తాయి. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తెరిస్తే 1,20,000 లక్స్ గంటలు అవుతుంది. కర్టెన్ లేని కిటికీ పక్కన మధ్యాహ్నం వెలుతురు 5,000 లక్స్ ఉందనుకోండి, ఏడాది మొత్తం కోటాను 24 గంటల్లో, అంటే మూడు నాలుగు మధ్యాహ్నాల్లో తినేస్తుంది. అందుకే కిటికీలకు తెరలు దించుతారు, అద్దాలకు అతినీలలోహిత కిరణాలు ఆపే పొర అంటిస్తారు. ఆ పొర ఒక్కటీ చాలదు. కంటికి కనబడే వెలుతురు కూడా రంగును తింటుంది, పొర కిరణాలను ఆపుతుందే కానీ వెలుతురును కాదు. పాత పొరలు కొన్నేళ్లకు పనిచేయడం మానేస్తాయి కూడా, మీటరుతో కొలిచి మార్చకపోతే ఉన్నా లేనట్టే. ఇక 50 లక్స్‌లో ఏమీ కనబడలేదన్న ఫిర్యాదుకు సగం కారణం కళ్లే. ఎండలో నుంచి నేరుగా లోపలికి వచ్చిన కంటికి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. గుంపు వెనకాల నడుస్తూ ఒక్కో గదికి నిమిషం ఇస్తే ఆ సర్దుబాటు జరగదు.

రెండో మాట, బంగారం. సామాను మూలలకు, తాళం రంధ్రాల చుట్టూ, కాళ్లకు ఉన్న మెరుపు తొడుగులు కంచువి. పైన బంగారు పూత. గిల్టు అనగానే నాసిరకం నగ గుర్తొస్తుంది మనకు, ఇక్కడ ఆ మాట సాగదు. ముందు మైనంలోనో చెక్కలోనో నమూనా చేసి, ఇసుక అచ్చులో కంచు పోస్తారు. పోత నుంచి వచ్చిన ముక్క మొరటుగా ఉంటుంది. సన్న ఉలులు, పోగరలతో ఆకు గరుకుదనం, సింహం జూలు, చర్మం మీది చుక్కలు ఒక్కొక్కటిగా తేల్చేది చెక్కుడు పనివాడు. ఖర్చులో పెద్ద భాగం ఆ పనికే పోయేది. తర్వాత బంగారాన్ని పాదరసంలో కరిగించి వెన్నలా అయిన ముద్దను, శుభ్రం చేసిన కంచు మీద కుంచెతో పూసి నిప్పు మీద కాస్తారు. పాదరసం 357 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరైపోతుంది, బంగారం కంచును పట్టుకుని మిగులుతుంది. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్లకు చేతులు వణకడం, పళ్లు ఊడడం మామూలు. తొడుగుల అందం గురించి ఎంత రాసినా ఈ ఒక్క వాక్యం కూడా రాయాలి.

చివరి మెట్టు మెరుగు. కొన్ని భాగాలను అలాగే మసకగా వదిలి, మరికొన్నింటిని నున్నని రాతితో రుద్ది అద్దంలా చేస్తారు. ఒకే ఆకులో ఈనె మెరుస్తుంది, మిగతాది మెరవదు. కొవ్వొత్తి వెలుగు కింద నుంచి, పక్క నుంచి కదులుతూ పడినప్పుడు ఈ తేడా ప్రాణం పోసుకుంటుంది. పైకప్పు నుంచి పడే నిశ్చలమైన బల్బు కింద అంతా ఒకే పసుపు. తొడుగు కేవలం అలంకారమూ కాదు. అంచుల్లో వెనీర్ చిట్లకుండా కాపాడేది అదే. అప్పట్లో చౌక దారి కూడా ఉండేది, బంగారం లేకుండా బంగారు రంగు వార్నిష్ పూయడం. దాన్నీ దీన్నీ ఒకే పేరుతో పిలవకూడదు.

కుర్చీల మీద ఉన్న బంగారం కథ వేరు. బీచ్ లేదా వాల్‌నట్ చట్రం మీద జంతువుల బంకలో కలిపిన సుద్ద పొర మీద పొరగా పదిదాకా వేస్తారు. ఆ సుద్దలో చెక్కుడు గీతలు పూడిపోతాయి గనక వాటిని మళ్లీ కొక్కేల్లాంటి పనిముట్లతో పదును చేస్తారు. దాని మీద ఎర్రమట్టి, ఆపైన నీళ్లతో తడిపి బంగారు రేకు. రేకు మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు. అగేట్ రాయితో రుద్దితే మెరుపు. ఈ నిర్మాణం మొత్తం నీటికి కరిగేదే. కంచుకు పట్టిన మురికి తుడిచినట్టు తడిగుడ్డతో దీన్ని తుడిస్తే బంగారం గుడ్డకు వస్తుంది, కింద ఎర్రమట్టి బయటపడుతుంది. కంచుకేమో ఇత్తడి మెరుగు పేస్టు శత్రువు. అందులోని గరుకు పొడి ప్రతిసారీ కొంచెం బంగారాన్ని గీకేస్తుంది, అమోనియా ఉన్న ద్రావణాలు కంచునే తింటాయి. దుమ్ము దులపడానికి మెత్తని కుంచె, పక్కనే పట్టుకున్న వాక్యూమ్ గొట్టం చాలు. నూలు గుడ్డ వద్దు. పైకి లేచిన వెనీర్ అంచును పీకేది ఎక్కువగా అదే.

మూడో మాట అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే అసలు ఏం చూస్తున్నామన్న ప్రశ్న అది. ఫ్రెంచి విప్లవం తర్వాత 1793 ఆగస్టు 25 నుంచి 1794 ఆగస్టు 11 దాకా వెర్సాయ్ సామాను వేలం వేశారు. 17 వేలకు పైగా లాట్లు. కొన్నవాళ్లు దేశదేశాల వాళ్లు. అమ్మకుండా ఉంచిన వాటి మీది రాజచిహ్నాలు తీసేసే పనికి ఒకప్పటి రాజ ఎబెనిస్టు (వెనీర్ సామాను చేసే వడ్రంగి) రీసెనెర్‌నే పిలిచారు, తను చేసినవాటి మీద తనే ఉలి పెట్టాల్సివచ్చింది. అంటే ఇప్పుడు గదుల్లో ఉన్నది మిగిలిపోయిన సామాను కాదు, గత వందేళ్లలో ఒక్కొక్కటిగా వెతికి, కొని, అడిగి, వెనక్కి తెచ్చిన సామాను. ప్రభుత్వ కార్యాలయాల్లో, ఇతర మ్యూజియంలలో ఉన్న వెర్సాయ్ వస్తువులను తిరిగి పంపాలన్న ఉత్తర్వు 1961లో వచ్చింది. దొరకనిచోట అదే కాలపు, అదే స్థాయి వస్తువు పెడతారు. అదీ లేనిచోట కొత్తగా చేయిస్తారు. ఇది మోసం కాదు, ఫలకం మీద ఆ తేడా రాసినంతకాలం.

అద్దాల మందిరం ఉదాహరణకే తీసుకోండి. పొడవు 73 మీటర్లు, 17 కిటికీలకు ఎదురుగా 17 కమానులు, వాటిలో 357 అద్దాలు. 14వ లూయీ అక్కడ పెట్టించిన వెండి బల్లలు, దీపస్తంభాలు 1689లో యుద్ధ ఖర్చుకు కరిగించేశారు. ఇప్పుడు అక్కడున్న బంగారు పూత దీపస్తంభాల నమూనా 1770 నాటి యువరాజు పెళ్లిది, కొన్ని ఆ నమూనాకు తీసిన నకళ్లు. మీ ఫొటో కింద 14వ లూయీ దీపస్తంభాలు అని వేశారు, సవరించగలరు.

అసలుదో కాదో ఎలా తెలుస్తుందని అడిగితే, ముందు వెనక్కి తిప్పి చూడాలి. పారిస్ వడ్రంగుల సంఘం 1743 నిబంధనల తర్వాత ప్రతి మాస్టరూ తన పేరు ముద్ర చెక్కలో కొట్టాల్సివచ్చింది. పక్కనే సంఘం తనిఖీ ముద్ర మూడు అక్షరాలు. రాజు కొలువులో ఉన్నవాళ్లకు మినహాయింపు, కాబట్టి ముద్ర లేదని తోసేయకూడదు. రాజభాండాగారం వాళ్లు వెనక సిరాతో ఒక నంబరు రాసేవారు. అదే నంబరు వాళ్ల చిట్టాలో ఉంటే తేదీ, గది, కొలతలు అన్నీ తెలుస్తాయి. ఆ కొలతలు ఎదురుగా ఉన్న వస్తువుతో కలవాలి. వెర్సాయ్ గుర్తు రెండు వి అక్షరాలు ఒకదానిలో ఒకటి, పైన కిరీటం, కాల్చి వేసినది. కంచు మీద కిరీటం ఉన్న సి ముద్ర కనబడితే అది 1745 నుంచి 1749 దాకా నడిచిన పన్ను ముద్ర. అయితే ఇవన్నీ దొంగగా కొట్టవచ్చు. వెర్సాయ్ కొన్న కుర్చీల్లో కొన్ని నకిలీవన్న కేసు 2016లో బయటపడింది. ముద్ర కన్నా నమ్మదగింది పని. రంపం గాట్లు నిటారుగా, ఎడం ఎడంగా ఉన్నాయా, వృత్తాకారంలో ఉన్నాయా? గుండ్రని గాట్లయితే అది 19వ శతాబ్దపు మిషన్ రంపం. పట్టు బిగించిన మేకుల రంధ్రాలు ఎన్ని తరాల బట్టకు సరిపోయేన్ని ఉన్నాయి? రెండు వందల యాభై ఏళ్ల కుర్చీకి ఒకే వరస రంధ్రాలుంటే అనుమానించాలి.

గాలిలో తేమ గురించి మీ వ్యాసంలో ఒక్క మాటా లేదు. వెలుతురు రంగును తింటే, తేమలో హెచ్చుతగ్గులు బల్లనే తింటాయి. చెక్క తన పోగుకు అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది, నిలువుగా దాదాపు కదలదు. లోపలి ఓక్ ఒక దిక్కుకు లాగుతుంటే పైపొర వేరే దిక్కుకు లాగుతుంది, నడుమ బంక తెగుతుంది. బూల్ పనిలో ఇది మరీ దారుణం. ఆంద్రే షార్ల్ బూల్ (1642–1732) పేరుతో నిలిచిన ఆ పద్ధతిలో తాబేటిచిప్ప రేకు, ఇత్తడి రేకు ఒకదాని మీద ఒకటి పెట్టి రెండూ ఒకేసారి కోస్తారు. ఒక దాని బొమ్మ రెండో దాని ఖాళీలో దిగుతుంది, అలా రెండు జోడీలు వస్తాయి. చెక్క కదిలినప్పుడు ఇత్తడి కదలదు, బంకకేమో లోహం మీద పట్టు తక్కువ. సన్నని ఇత్తడి తీగ కొస ముందు లేస్తుంది. వేలితో నొక్కి కూర్చోబెడదామనుకుంటే మడత పడి శాశ్వతంగా వంగిపోతుంది. సరైన దారి వేరు: లేచిన భాగం కింద పాత బంక, దుమ్ము తీసి, ఇత్తడి అడుగుకు జిడ్డు లేకుండా చేసి, కొత్తగా జంతు లేదా చేప బంక పెట్టి బరువు కింద ఆరనివ్వాలి. పాత పనివాళ్లు ఇత్తడి అడుగున వెల్లుల్లి రుద్దేవారు, పట్టు పెరగడానికి.

50 శాతం దగ్గర తేమ నిలకడగా ఉంటే చాలావరకు బాధలుండవు. అంకె కన్నా నిలకడ ముఖ్యం. శీతాకాలం పొద్దున్నే హీటర్ పెట్టి, రాత్రి ఆపేసే ఇల్లు ఈ సామానుకు నరకం. వాన రోజున తడి కోట్లతో వందల మంది ఒకే గదిలోకి వస్తే తేమ ఒక్కసారిగా లేస్తుంది. పలచని తాళ్లు కట్టి దారి వేయడానికి దొంగతనం భయం ఒక్కటే కారణం కాదు, ఆ ఊపిరిని చెక్కకు కొంచెం దూరంగా ఉంచడం కూడా.

పట్టు గురించి క్లుప్తంగా. రాణి పడకగదిలో కనిపించే పూల పట్టు, పట్టునేతకు పేరుపడ్డ ఫ్రెంచి నగరం లియాన్‌లో పాత నమూనాల ప్రకారం మళ్లీ నేసినది. చేతిమగ్గం మీద అలాంటి బట్ట రోజుకు కొన్ని సెంటీమీటర్లే నడుస్తుంది. ఆ కాలంలో ఎండాకాలానికి ఒక జత, చలికాలానికి ఒక జత మార్చేవారు, కాబట్టి ఏడాది పొడుగునా ఒకే జత వేలాడదీయడం ఇప్పటి సౌకర్యం. బట్టల ప్రస్తావన వచ్చింది కనుక ఇంకొకటి. మచిలీపట్నం వైపు నుంచి వెళ్లిన అద్దకపు నూలుబట్టలు ఎంత గిరాకీ తెచ్చుకున్నాయంటే, తమ పట్టు, ఉన్ని నేతగాళ్లు గగ్గోలు పెట్టేసరికి 1686లో ఫ్రాన్స్ వాటిని నిషేధించింది. నిషేధం 1759 దాకా నడిచింది. కొనేవాళ్లు ఆగలేదనుకోండి.

సామాను జరిపేటప్పుడు జరిగే నష్టం గురించి కూడా రాయాలి, ఎందుకంటే పాత ఇళ్లలో పాత బల్లలున్న పాఠకులు మీకు ఉంటారు. కంచు పిడులు పట్టి ఎత్తకండి, అవి సొరుగు లాగడానికే. పైపలక అంచు పట్టుకోవద్దు, కింది చట్రం పట్టుకోండి. సొరుగులు ముందే తీసి విడిగా మోయండి. పాలరాతి పలకను పడుకోబెట్టి ఇద్దరు మోస్తే నడుమన దాని బరువుకే విరుగుతుంది. నిలువుగా, అంచు మీద నిలబెట్టి, అద్దం మోసినట్టు మోయాలి.

వెర్సాయ్‌కి వెళ్లే పాఠకులకు ఒక సూచనతో ముగిస్తాం. రాజు లోపలి గదిలో ముడుచుకునే మూత ఉన్న పెద్ద రాతబల్ల ఉంది. ఒబెన్ అనే ఎబెనిస్టు 1760లో మొదలుపెట్టాడు, 1763లో చనిపోయాడు, రీసెనెర్ 1769లో పూర్తి చేసి అప్పగించాడు. ఎక్కడెక్కడో తిరిగి 1957లో తిరిగి ఆ గదికి చేరింది. అందరూ ఎదురుగా నిలబడి బల్ల మీది గడియారాన్ని ఫొటో తీసుకుంటారు. మీరు పక్కకు జరగండి. పక్కన చిన్న సొరుగు ఉంటుంది, సిరాబుడ్డికి. బల్ల తాళం తీయకుండానే నౌకరు అక్కడి నుంచి సిరా నింపేవాడు, రాజు కాగితాలు వాడి కంటపడేవి కావు. మోకాళ్ల ఎత్తుకు వంగి చూస్తే కంచు మీద మసక, మెరుపు తేడా కూడా అక్కడే బాగా తెలుస్తుంది. ఫ్లాష్ మాత్రం ఆపుకోండి.

ఇట్లు,
పాత కొయ్యసామాను సంరక్షణ పనివారం